కరెంటు పోతే... కారుందిగా!

తుపాను వచ్చినా, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా ముందుగా పోయేది కరెంటే. అలాంటప్పుడు ఇంటి ముందు ఆగి ఉన్న ఎలక్ట్రిక్ కారే ఫ్యాన్లు తిప్పి, ఫ్రిజ్ నడిపి, బల్బులు వెలిగిస్తే? జపాన్ వాళ్లు పుష్కరం క్రితమే ఆ పని చేసి చూపించారు. ఇప్పుడు ఆ సదుపాయం ఉన్న కార్లు మన వీధుల్లోకీ వచ్చాయి. కాకపోతే వాడేముందు కొన్ని లెక్కలు, ఒక పెద్ద జాగ్రత్త తెలిసుండాలి.

2011 మార్చి 11. జపాన్ ఈశాన్య తీరం. మధ్యాహ్నం మూడు కావడానికి ఇంకా పావుగంట ఉందనగా భూమి ఊగిపోయింది. తీవ్రత 9. ఆ వెంటనే సునామీ. ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. లక్షల ఇళ్లు చీకట్లో మునిగాయి. సెందాయ్ దగ్గరున్న చమురు శుద్ధి కర్మాగారం మంటల్లో చిక్కుకుంది. రోడ్లు తెగిపోయాయి. బంకుల ముందు కిలోమీటర్ల పొడవున కార్లు బారులు తీరాయి. శిబిరాలకు సరుకులు చేరవేద్దామన్నా, డాక్టర్లను తీసుకెళ్దామన్నా బండిలో పోయడానికి పెట్రోలు లేదు.

అప్పుడు జరిగింది ఓ విచిత్రం. పెట్రోలు కన్నా ముందు కరెంటు వచ్చింది! తీగలు సరిచేసి, స్తంభాలు నిలబెట్టి చాలాచోట్ల కొద్ది రోజుల్లోనే సరఫరా ఇచ్చారు. పెట్రోలు కొరత మాత్రం ఇంకా తీరలేదు. నిస్సాన్, మిత్సుబిషి కంపెనీలు పదుల సంఖ్యలో ఎలక్ట్రిక్ కార్లను బాధిత ప్రాంతాలకు పంపించాయి. అప్పటికి అవి మార్కెట్లోకి కొత్తగా వచ్చినవి. 'దూరం పోవు, మధ్యలో ఆగిపోతాయి' అని జనం అనుమానంగా చూస్తున్నవి. ఆ కార్లే రాత్రి చార్జింగ్ పెట్టుకుని పగలంతా శిబిరాల చుట్టూ తిరిగాయి.

అక్కడే ఇంకో ప్రశ్న పుట్టింది. ఇంకా కరెంటు రాని వీధిలో నిండా చార్జింగ్ ఉన్న కారు నిలబడి ఉంది. దాని ఎదురుగా ఉన్న ఇంట్లో కొవ్వొత్తి వెలుగుతోంది. కారులో ఆ ఇంటికి రెండు రోజులకు సరిపడా కరెంటు ఉంది. కానీ బయటికి తీసే దారి లేదు. చెరువు గట్టున కూర్చుని దాహంతో అలమటించడమంటే ఇదే కదా!

ఆ దారి వేయడానికి జపాన్ కంపెనీలకు ఎక్కువ కాలం పట్టలేదు.

టీ తాగినంతసేపట్లో...

2012 వసంతంలో మిత్సుబిషి ఓ చిన్న పెట్టె తెచ్చింది. దాన్ని తమ ఐ-మీవ్ కారు చార్జింగ్ రంధ్రానికి తగిలిస్తే 1500 వాట్ల కరెంటు వస్తుంది. ఒక రైస్ కుక్కర్‌కో, హీటర్‌కో అది చాలు. అదే ఏడాది నిస్సాన్ ఇంకో అడుగు ముందుకేసింది. ఇంటి గోడ పక్కన ఓ యంత్రం పెట్టి, దాన్ని లీఫ్ కారుకూ ఇంటి స్విచ్ బోర్డుకూ కలిపింది. మామూలు రోజుల్లో కరెంటు ఇంటి నుంచి కారులోకి పోతుంది. లైన్ పోయినప్పుడు కారు నుంచి ఇంట్లోకి వస్తుంది. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న అప్పటి లీఫ్ కారు ఓ సగటు జపాన్ ఇంటిని రెండు రోజులు నడుపుతుందని కంపెనీ లెక్క చెప్పింది.

నిజానికి టొయోటాకు చెందిన ఎస్టిమా అనే హైబ్రిడ్ కారులో అంతకు ముందు నుంచే ప్లగ్గు సాకెట్ ఉంది. పిక్నిక్‌కు వెళ్లినప్పుడు వాడుకుంటారని పెట్టిన సౌకర్యమది. భూకంపం రోజుల్లో అదే ప్రాణాధారమైంది.

అన్నట్టు, ఈ కార్లు వాడే చార్జింగ్ పద్ధతి పేరు 'చాడెమో'. జపాన్ భాషలో 'ఓ కప్పు టీ తాగుదామా' అనే మాటను గుర్తుకు తెచ్చేలా పెట్టారు. టీ తాగి లేచేలోపు చార్జింగ్ అయిపోతుందని చమత్కారం. కరెంటును కారులోకి పంపడమే కాదు, వెనక్కి రప్పించే వీలు కూడా ఆ పద్ధతిలో ఉంది. అందుకే జపాన్ ఈ విషయంలో మిగతా దేశాలకన్నా ముందుంది.

2019 సెప్టెంబరులో ఫక్సాయ్ తుపాను టోక్యో పక్కనున్న చీబా ప్రాంతాన్ని కుదిపేసింది. 9 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. కొన్నిచోట్ల రెండు వారాల దాకా రాలేదు. అప్పుడూ ఎలక్ట్రిక్ కార్లు ఊళ్లలోకి వెళ్లి సెల్‌ఫోన్లకు చార్జింగ్ పెట్టాయి, ఫ్యాన్లు తిప్పాయి. విపత్తు వస్తే కార్లు పంపేలా నిస్సాన్ వందకు పైగా స్థానిక సంస్థలతో ముందుగానే ఒప్పందాలు చేసుకుంది.

ఇంటి ముందు కరెంటు కుండ

ఇదంతా జపాన్ సంగతి, మనకెందుకు అనిపించొచ్చు. విశాఖ వాసులను అడిగితే ఎందుకో చెబుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రాత్రి నగరమంతా చీకటే. స్తంభాలు పుల్లల్లా విరిగాయి. కొన్ని వీధులకు కరెంటు రావడానికి రోజులు పట్టింది. మంచినీళ్లకు, పాలకు, పెట్రోలుకు బారులు. సెల్‌ఫోన్ మోగితే చాలు, మనిషి బతికున్నాడని తెలుస్తుంది అనుకున్న రోజులవి. ఇళ్లలోని ఇన్వర్టర్లు మొదటి రాత్రికే చేతులెత్తేశాయి.

ఇన్వర్టర్ ఎందుకు ఆగిపోయింది? లెక్క సులువే. మామూలుగా ఇళ్లలో వాడే 150 యాంపియర్-అవర్ బ్యాటరీలో నిండా చార్జింగ్ ఉన్నా దాచుకునేది 1.8 యూనిట్లే. మీటరు మీద తిరిగే యూనిట్లే ఇవి కూడా. ఇక మన దగ్గర అమ్ముడయ్యే ఓ మోస్తరు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో ఉండేది సుమారు 40 యూనిట్లు. అంటే ఆ కారు కొన్న ఇంట్లో 22 ఇన్వర్టర్ బ్యాటరీలు చక్రాలేసుకుని నిలబడి ఉన్నట్టు!

పైగా అది రోజులో ఎక్కువ సేపు ఊరికే నిలబడే ఉంటుంది. కారు జీవితంలో నూటికి తొంభై పాళ్ల సమయం పార్కింగ్‌లోనే గడుస్తుంది. 'నిలబడి ఉన్న కారు నుంచి కరెంటు ఎందుకు తీసుకోకూడదు?' అని అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన విలెట్ కెంప్టన్, ఆయన సహచరుడు స్టీవెన్ లెటెండ్రే 1997లోనే ఓ పరిశోధన పత్రం రాశారు. రోడ్ల మీద ఎలక్ట్రిక్ కారు కనబడటమే అరుదైన రోజుల్లో పుట్టిన ఆలోచన అది.

కుండ పెద్దది... కుళాయి చిన్నది

కారు నుంచి కరెంటు తీసుకోవడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, జపాన్‌లో మాదిరిగా గోడకు యంత్రం పెట్టి ఇల్లంతటికీ ఇవ్వడం. ఇది ఖరీదైన వ్యవహారం. మన దగ్గర ఇంకా ఇళ్లలోకి రాలేదనే చెప్పాలి. రెండోది, కారుకే ఓ ప్లగ్గు సాకెట్ ఉండటం. దీన్ని 'వెహికల్ టు లోడ్' అంటారు. మన మార్కెట్లో కనిపించేది ఇదే. 2023 జనవరిలో వచ్చిన హ్యుందాయ్ అయానిక్ 5లో, అదే ఏడాది సెప్టెంబరులో కొత్త రూపంలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీలోని కొన్ని రకాల్లో ఈ సదుపాయం ఉంది. ఆ తర్వాత వచ్చిన మరికొన్ని కార్లలోనూ ఉంది. అన్నింట్లో లేదు. ఒకే కారులో ధర తక్కువున్న రకంలో లేకుండా, ఎక్కువున్న రకంలో ఉండొచ్చు. కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

ఈ సాకెట్ నుంచి వచ్చేది సుమారు 3 నుంచి 3.6 కిలోవాట్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 40 యూనిట్లుంటే ఏదైనా నడపొచ్చనుకుంటారు. యూనిట్లు అంటే కుండలో ఎన్ని నీళ్లున్నాయో చెప్పే లెక్క. కిలోవాట్లు అంటే కుళాయి ఎంత పెద్దదో చెప్పే లెక్క. కుండ ఎంత పెద్దదైనా ఒక్కసారిగా వచ్చేది కుళాయిలోంచి పట్టినంతే!

ఫ్యాన్ 75 వాట్లు, ఎల్ఈడీ బల్బు 9 వాట్లు, టీవీ 100 వాట్లు తీసుకుంటాయి. ఇవన్నీ కలిపినా కారుకు లెక్కలోకి రావు. మిక్సీకి 750 వాట్లు, అదీ ఓ పది నిమిషాలు. ఫర్వాలేదు. గీజరుకు 2000 వాట్లు, ఇండక్షన్ స్టవ్‌కు మరో 2000. రెండూ ఒకేసారి వేస్తే కారు సరఫరా ఆపేస్తుంది. టన్నున్నర ఏసీ నడవొచ్చు, కానీ రాత్రంతా నడిపితే అదొక్కటే ఎనిమిది, పది యూనిట్లు తాగేస్తుంది. బోరు మోటారుతో ఇంకో చిక్కుంది. తిరిగేటప్పుడు తీసుకునే కరెంటుకు కొన్ని రెట్లు మొదటి క్షణంలోనే లాగుతుంది. ఆ కుదుపుకు కారు ఆగిపోవచ్చు. అందుకే తుపాను హెచ్చరిక వినగానే నీళ్ల ట్యాంకు నింపి పెట్టుకోవడం మేలు.

మూడు రోజుల ధీమా

నలుగురున్న ఓ ఇల్లు అనుకుందాం. మూడు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే మూడున్నర యూనిట్లు. ఆరు ఎల్ఈడీ బల్బులు ఆరు గంటలు వెలిగితే మూడో వంతు యూనిట్. ఫ్రిజ్‌కు యూనిట్ పైచిలుకు. టీవీ, సెల్‌ఫోన్లు, ఇంటర్నెట్ పెట్టె కలిపి ముప్పావు యూనిట్. మొత్తం రోజుకు ఆరు యూనిట్లు.

కారులో 40 యూనిట్లున్నాయి కాబట్టి ఆరున్నర రోజులు వస్తుందా? రాదు. ముందుగా పది యూనిట్లు పక్కన పెట్టాలి. ఎందుకో తర్వాత చూద్దాం. మిగిలిన ముప్పైలోనూ అంతా ఇంటికి చేరదు. బ్యాటరీలోని కరెంటు ఒక రకం, ఇంట్లో వాడేది మరో రకం. మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. పైగా సాకెట్ పనిచేస్తున్నంతసేపూ కారు లోపలి కంప్యూటర్లు మేలుకునే ఉంటాయి. అవి కూడా కొంత తింటాయి. ఒక్క బల్బు వెలిగించడానికి రాత్రంతా కారును మేల్కొలిపి ఉంచితే, బల్బు కన్నా కారే ఎక్కువ తినేస్తుంది! ఈ ఖర్చులన్నీ మూడో వంతు అనుకుంటే ఇంటికి దక్కేవి 20 యూనిట్లు. అంటే మూడు రోజులు ధీమాగా గడుస్తాయి.

కాస్త తెలివిగా వాడితే ఇంకా ఎక్కువే. పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లుంటే రోజుకు రెండు యూనిట్లు మిగులుతాయి. ఫ్రిజ్‌ను రోజంతా నడపక్కర్లేదు. తలుపు తెరవకపోతే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. పూటకో రెండు గంటలు కారును పనిలో పెట్టి ఫ్రిజ్, ఫోన్లు, ఇన్వర్టర్ బ్యాటరీ అన్నింటినీ ఆ సమయంలోనే నింపుకోవచ్చు. మిగతా వేళల్లో కారును పడుకోబెట్టి, బల్బుల సంగతి ఇన్వర్టర్‌కు వదిలేయొచ్చు. ఇద్దరూ కలిస్తే పని సులువు.

గోడ ప్లగ్గులో పెట్టొద్దు!

అసలు జాగ్రత్త ఇది. ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సింది.

కారు నుంచి తీగ లాగి ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు ఇస్తే బాక్స్‌కు పెట్టిన వస్తువులే నడుస్తాయి. కొందరికి ఇది చిరాకు. రెండు వైపులా ప్లగ్గులున్న తీగ చేయించి, ఒక చివర కారుకు, మరో చివర గోడ సాకెట్‌కు పెడితే ఇల్లంతా వెలుగుతుంది కదా అనుకుంటారు. జనరేటర్లతో ఈ పని చేసేవాళ్లూ లేకపోలేదు. వెలుగుతుంది, నిజమే. కానీ ఆ కరెంటు ఇంట్లోనే ఆగదు. మీటరు దాటి, తీగ వెంట వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోతుంది. 11 వేల వోల్టులను 230కి దించే ఆ ట్రాన్స్‌ఫార్మర్ వెనక నుంచి కరెంటొస్తే అదే పనిని తిరగేసి చేస్తుంది. 230ని 11 వేలకు పెంచుతుంది!

సరిగ్గా అదే సమయంలో వానలో తడుస్తూ, విరిగిన స్తంభం ఎక్కి ఓ లైన్‌మన్ తీగ కలుపుతుంటాడు. సబ్‌స్టేషన్‌లో లైన్ ఆపేశారని అతని ధైర్యం. అతను పట్టుకున్న తీగలోకి కరెంటు మన ఇంటి కారు నుంచి వస్తుంది. మనకు వెలుగు తెద్దామని వచ్చినవాడి ప్రాణం మన వల్లే పోతుంది. ఒకవేళ అతను తప్పించుకున్నా, లైన్ తిరిగొచ్చిన క్షణంలో రెండు వైపుల కరెంటు ఢీకొని కారులోని ఖరీదైన పరికరం కాలిపోవచ్చు, ఇంటికి నిప్పంటుకోవచ్చు.

ఇల్లంతటికీ కావాలంటే దారి ఉంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్ పెట్టించుకోవాలి. దాన్ని ఒక వైపు తిప్పితే లైన్, రెండో వైపు తిప్పితే కారు. రెండూ ఎప్పటికీ కలవవు. అదీ కారు కంపెనీ ఒప్పుకుంటుందో లేదో, వారంటీకి ఇబ్బందేమో కనుక్కున్నాకే.

ఇంటిపైన సోలార్ పలకలున్నవాళ్లకు ఓ అనుభవం ఉండే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా, కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. 'ఇంత డబ్బు పోసి పెట్టించుకుంటే ఇదేంటి' అని విసుక్కుంటారు. బ్యాటరీ లేకుండా నేరుగా లైన్‌కు కలిపిన సోలార్ అలా ఆగిపోవాల్సిందే. కారణం స్తంభమెక్కిన ఆ లైన్‌మనే. పలకల కరెంటు అతని తీగలోకి పోకూడదనే ఆ ఏర్పాటు. అందుకే అలాంటి సోలార్‌తో చీకటి రోజుల్లో కారుకు చార్జింగ్ పెట్టుకుందామన్నా కుదరదు. బ్యాటరీతో కలిసి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే పగలు ఎండను కారులో నింపి, రాత్రి ఇంట్లో వాడుకోవచ్చు.

పొగ లేదు... నీళ్లంటే ముప్పు

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌ను మంచు తుపాను కప్పేసింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. గడ్డకట్టే చలికి తట్టుకోలేక తలుపులు మూసిన గ్యారేజీల్లో కార్లు ఆన్ చేసి కూర్చున్నవారూ, జనరేటర్లను ఇంట్లోకి తెచ్చినవారూ ఉన్నారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. కొందరు నిద్రలోనే ప్రాణాలు విడిచారు. ఆ రోజుల్లోనే ఫోర్డ్ కంపెనీ హైబ్రిడ్ ట్రక్కులున్న కొందరు వాటికున్న సాకెట్లతో ఇళ్లలో దీపాలు, హీటర్లు నడుపుకొన్నారు. ఇంజిన్ ఉన్న ట్రక్కులు కాబట్టి వాటిని ఆరుబయటే నిలపాలి. మరుసటి ఏడాది అదే కంపెనీ పూర్తి ఎలక్ట్రిక్ ట్రక్కును ఇల్లంతటికీ కరెంటిచ్చే ఏర్పాటుతో తెచ్చింది. ఇంజిన్ లేని ఎలక్ట్రిక్ కారుకు పొగ గొట్టమే ఉండదు. చప్పుడూ ఉండదు. అర్ధరాత్రి పక్కింటివాళ్ల నిద్ర చెడదు.

అలాగని దానికి ఏ భయమూ లేదనుకోవద్దు. దాని శత్రువు నీళ్లు. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయన్ తుపాను ముంచెత్తినప్పుడు సముద్రపు నీటిలో మునిగిన కొన్ని ఎలక్ట్రిక్ కార్లు నీళ్లు తీశాక మంటలంటుకున్నాయి. ఉప్పునీరు బ్యాటరీలోకి చేరితే రోజుల తర్వాత కూడా అలా జరగొచ్చు. మన తీరప్రాంతాల వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ల ముందు, సెల్లార్లలో నిలిపిన బళ్లన్నీ నీళ్లలోనే ఉండిపోయాయి. అలాంటి చోట కారు ఇంటికి కరెంటు ఇవ్వడం మాట అటుంచి, కారును కాపాడుకోవడమే పెద్ద పని. వరద హెచ్చరిక వస్తే ముందు కారును మెరక మీదికి చేర్చాలి. నీట మునిగిన ఎలక్ట్రిక్ కారును తిరిగి చార్జింగ్ పెట్టకుండా, ఇంటికి దూరంగా ఉంచి కంపెనీవాళ్లకు చెప్పాలి.

అపార్ట్‌మెంట్ల వాళ్లదింకో ఇబ్బంది. కారు సెల్లార్లో, ఇల్లు అయిదో అంతస్తులో. మెట్ల మీదుగా పొడవాటి తీగ లాగడం ప్రమాదం. అలాంటిచోట కిందే ఓ బాక్స్ పెట్టి అందరి ఫోన్లు, చార్జింగ్ లైట్లు నింపుకోవడం మంచిది.

ఆ పది యూనిట్లు ఎందుకంటే...

కరెంటు పోవడమంటే చాలామందికి ఉక్కపోత, దోమలు. కొన్ని ఇళ్లలో మాత్రం అది ఊపిరికి సంబంధించిన విషయం. ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఆధారపడిన పెద్దాయన ఉంటే, ఆ యంత్రానికి 300 వాట్లకు పైగానే కావాలి. రోజంతా నడిస్తే ఎనిమిది యూనిట్ల దాకా. కారులోంచి ఇంటికి దక్కే ఇరవై యూనిట్లూ దానికే ఇస్తే రెండు రోజులు దాటి వస్తాయి. ఆ ఇంట్లో టీవీ కాదు, ఫ్యాన్ కూడా ఆలోచించి వేయాలి. పైగా కారు సాకెట్ దానంతటదే ఆన్ కాదు. లైన్ పోయిన క్షణం నుంచి తీగ కలిపేదాకా ఆదుకోవడానికి సిలిండరో, ఇన్వర్టరో పక్కనే ఉండాలి. ఇన్సులిన్ వాడేవారి ఇంట్లో ఫ్రిజ్‌దే మొదటి వంతు.

ఎన్ని లెక్కలేసినా ఒక్క సంగతి మరవకూడదు. కారు అన్నింటికన్నా ముందు కారు. ఒక యూనిట్‌తో అది ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది. పక్కన పెట్టమన్న పది యూనిట్లు అంటే 60, 70 కిలోమీటర్లు. అర్ధరాత్రి నొప్పులొచ్చిన కోడలిని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, యంత్రం మీదున్న నాన్నగారిని కరెంటున్న పట్నానికి చేర్చాలన్నా కావలసింది ఆ దూరమే. చుట్టుపక్కల చార్జింగ్ కేంద్రాలు కూడా చీకట్లోనే ఉంటాయని గుర్తుంచుకోవాలి. కొన్ని కార్లలో 'ఇంత శాతం మిగిలితే సరఫరా ఆపెయ్' అని ముందే చెప్పి పెట్టొచ్చు. ఆ సదుపాయం ఉంటే మొదటి రోజే వాడుకోవడం మంచిది. మూడో రోజు ఉక్కపోతలో మనసు మాట వినదు!

వెనకటికి మన ఇళ్లలో గాదె ఉండేది. వానాకాలంలో దారులు మూసుకుపోయినా ఇల్లు గడిచేది. ఎంత ఆకలైనా విత్తనపు గింజల జోలికి మాత్రం ఎవరూ వెళ్లేవారు కాదు. ఎలక్ట్రిక్ కారూ ఓ గాదె లాంటిదే. చీకటి రోజున ఇంటిని ఆదుకుంటుంది. ఇరుగుపొరుగు ఫోన్లకూ ఇంత పెడుతుంది. కాకపోతే విత్తనపు గింజలు అలాగే ఉండనివ్వాలి. వీధి చివర స్తంభమెక్కిన మనిషి క్షేమంగా దిగి రావాలి. అప్పుడే ఆ వెలుగుకు అర్థం.